ఎనభై నాలుగు యూరోల అరవై సెంట్లు

హాస్టలు నేలమాళిగలో వాషింగ్ మెషిన్ గుండ్రటి అద్దం వెనక నీలవేణి బట్టలు ఒకదాన్నొకటి తోసుకుంటూ తిరుగుతున్నాయి, శ్రీకాకుళం కాంప్లెక్సులో ఆఖరి విశాఖ బస్సు ఎక్కే జనంలాగా, ముందు చుడీదారు, దాని మెడ మీద జీన్సు కాలు, ఆ కాలు పట్టుకుని వేలాడుతూ పొందూరు ఖద్దరు తువ్వాలు, దాన్ని వేడినీళ్లలో వెయ్యకే గుంటా అని అమ్మ మరీ మరీ చెప్పింది కానీ ముప్పై డిగ్రీలంటే వేడినీళ్లా చన్నీళ్లా అన్నది మాత్రం చెప్పలేదు, సొంతూరు గుల్లలపేట లెక్కలో ముప్పై డిగ్రీలంటే మాఘమాసం మధ్యాహ్నం, ఈ ఊరి లెక్కలో అయితే జనం చొక్కాలు విప్పి గడ్డి మీద పడుకునే ఎండ. మెషిన్ నుదుటి మీద ఎర్ర అంకెల్లో 58 అని వెలుగుతోంది. యాభై ఎనిమిది నిమిషాల్లో బట్టలు అయిపోతాయి. సరిగ్గా అప్పటికే అమ్మ ఫోను కూడా వస్తుంది. ఆదివారం మూడింటికి వచ్చే ఫోను ఇవాళ రెండింటికే వస్తుంది, ఎందుకంటే నిన్న రాత్రి అందరూ నిద్రలో ఉండగా జర్మనీ వాళ్లు దేశంలో ఉన్న గడియారాలన్నిటినీ గంట వెనక్కి తిప్పేశారు, చలికాలం లెక్కట, ఏటా ఇంతేనట, అమ్మకి, అంటే గురమ్మకి, ఆ సంగతి తెలీదు, తెలిసినా పట్టించుకోదు, గుల్లలపేటలో సాయంత్రం ఆరున్నరంటే ఆరున్నరే. ఇక్కడ దేశమంతా గంట కలిసొచ్చిందని ఇంకోసారి దుప్పటి కప్పుకుంది, నీలవేణికి మాత్రం గంట తరుగు. ఎచ్చెర్లలో నాలుగేళ్లు కంప్యూటర్ సైన్సు చదివి, ప్రాజెక్టులో టైమ్‌జోన్ల తప్పులు వెతకలేక ఏడ్చిన పిల్ల, ఆ తప్పు ఇలా వెతక్కుండానే సొంత బతుకులో దొరుకుతుందని అనుకోలేదు.

ఈ గంటలో తేల్చుకోవలసింది ఒక్కటే. అమ్మని డబ్బులు అడగాలా, అడక్కూడదా. బ్యాంకు యాప్ తెరిచి మళ్లీ చూసుకుంది, పొద్దుట్నుంచి అది తొమ్మిదోసారి, పెరిగుంటాయని కాదు, తగ్గలేదు కదా అని. అరవై ఒక్క యూరోలు, నలభై సెంట్లు. బుధవారం పొద్దున్న హెల్త్ ఇన్సూరెన్సు వాళ్లు నూట నలభై ఆరు తీసుకుంటారు, వాళ్లు అడగరు, తలుపు కొట్టరు, ఖాతాలోంచి వాళ్లంతట వాళ్లే తీసుకుంటారు, ఆ హక్కు తనే సంతకం పెట్టి ఇచ్చింది, ఏడు పేజీల జర్మన్ కాగితంలో ఏడో పేజీ మీద, మొదటి ఆరు పేజీల్లో తనకి తెలిసిన మాట తన పేరొక్కటే. ఖాతాలో అంత లేకపోతే వాళ్లు వట్టి చేతుల్తో వెనక్కి పోతారు, పోయి ఊరుకోరు. గురువారం పదింటికి వీసా ఆఫీసులో అపాయింట్‌మెంటు, ఊళ్లో ఉండగానే ఆన్‌లైన్లో అర్ధరాత్రుళ్లు మేలుకుని పట్టుకున్నది, అక్కడ ఇన్సూరెన్సు బాకీ లేదన్న కాగితం చూపించాలి, లేకపోతే మళ్లీ ఎప్పుడిస్తారో దేవుడికి తెలియాలి, చేతిలో ఉన్న వీసాకి డిసెంబరుతో నూకలు చెల్లు. ఒకటో తారీఖున కొత్త నెల డబ్బులు పడతాయి, లోనులోంచి ముందే ఇక్కడ కట్టించుకుని నెలకింతని వదిలేవి, తొమ్మిదొందల తొంభై రెండు, కానీ ఆ ఒకటో తారీఖు శనివారం, గడియారాలు ఎంత తిప్పుకున్నా గురువారం తర్వాతే వస్తుంది. కావలసింది ఎనభై నాలుగు యూరోల అరవై సెంట్లు. రూపాయల్లో ఎనిమిదివేల ఆరొందల పైచిలుకు. ఫీజులకీ విమానానికీ లక్షలు ధారపోసిన లోను కాగితాలు ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉన్నాయి, ఆ లక్షలన్నీ వచ్చి ఈ ఎనిమిదివేల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాయి.

అడిగితే గురమ్మ కాదనదు. అదే భయం. వాయుగుండం అని వారం రోజులుగా బోట్లు ఒడ్డునే బోర్లా పడి ఉన్నాయి, ఇంట్లో రూపాయి ఆడదు, ఫోను పెట్టేసి చెప్పులేసుకుని తిన్నగా సావుకారి నరసింగరావు అరుగు ఎక్కుతుంది, అతను పక్కకి జరిగి కుర్చీ చూపిస్తాడు, కుర్చీ చూపించాడంటేనే భయపడాలి, "ఎనిమిదేలేటి గురమ్మా, పదేలట్టుకెల్లు, పిల్ల సదువు కదా" అంటాడు తేనె పూసి. అంతే. నరసింగరావు అడ్వాన్సు ముట్టిన బోటు, వేటలో పడ్డ చేప మొత్తం నరసింగరావుకే వెయ్యాలి, అతను చెప్పిన రేటుకే, రేవులో కానాగంత చేప కిలో నూట ఇరవై పలికే రోజున అతను డెబ్భై అంటే డెబ్భై. అప్పు తీరేవరకూ అన్నది మాట, ఆ అప్పు తీరదు, వల చిరిగినప్పుడు కొంత, మోటారు పాడైనప్పుడు కొంత ఊరుతూనే ఉంటుంది. పదకొండేళ్లు అలా వేశారు చేప. పోయిన వేసవిలోనే, ఆఖరి రూపాయి కట్టేశాక, తెగింది ఆ తాడు. తెగిన మర్నాడు గురమ్మ చేపల గంప నెత్తినెట్టుకుని, ఆ వీధిలో బేరం లేకపోయినా, నరసింగరావు అరుగు ముందు నుంచి ఇటు మూడుసార్లు అటు మూడుసార్లు నడిచింది, "ఏటి గురమ్మా, దారి తప్పినావా?" అని అతనంటే, "లేదు బావా, ఇన్నాళ్లకి దొరికింది" అంది. ఆ మాట అన్నరోజు అమ్మ మొహం ఎలా ఉందో నీలవేణికి ఇప్పటికీ కనిపిస్తుంది, ఆ మొహం ఖరీదు ఎనిమిదివేల ఆరొందలా?

44. బట్టలు ఒక్క క్షణం ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు ఎదురు తిరగడం మొదలెట్టాయి.

లెక్క తెలీక వచ్చిన కష్టం కాదు ఇది, ఆ మాట ఎవరైనా అంటే నీలవేణి ఒప్పుకోదు. లెక్క నేర్పినవాడు అప్పలసూరి మావ, అమ్మకి అన్న, చీపురుపల్లి సంతలో ఎండుచేపలమ్మేవాడు, బ్యాంకు లోనుకి జామీను పడి సంతకం పెట్టేటప్పుడు పెన్ను కూడా భయపడేంత గట్టిగా నొక్కినవాడు. సరుకు డబ్బు చొక్కా జేబులో, ఇంటి డబ్బు బనీను జేబులో, బ్యాంకు డబ్బు లుంగీ మడతలో, ఒక జేబుది ఇంకో జేబులోకి పోయిందంటే మావకి ఆ రాత్రి అన్నం దిగదు. "ఒసే నీలా, డబ్బులన్నీ ఒక్క సోట ఎడితే సేపలన్నీ ఒక్క సోట పోసినట్టే, కుల్లిందేటో మంచిదేటో తెల్దు, ఇడదీసెట్టు" అన్నాడు, రైలెక్కించడానికి వచ్చి, ఆ రైలు కదులుతుండగా కిటికీలోంచి ఎండునెత్తళ్ల పొట్లం కూడా లోపలికి తోశాడు, ఆ బోగీలో ఆ తర్వాత నీలవేణితో ఎవరూ మాట్లాడలేదు. ఆ జేబుల్నే ఆమె ఎక్సెల్ షీటు చేసింది. రేవులో చేప అమ్మిన డబ్బు పంచేటప్పుడు ముందు పడవ వాటా తీస్తారు, తర్వాత వల వాటా, అవి రెండూ నోరు లేనివి కాబట్టి ముందు వాటికి పెట్టాలి, ఆ మిగిలిందే మనుషుల వాటా. షీటులో గది అద్దె పడవ, మూడొందల ఇరవై. ఇన్సూరెన్సూ వీసా ఆఫీసు ఫీజూ వల. బియ్యం, నూనె, సబ్బు, ఫోను, అన్నీ మనుషులు. మనుషుల గడి దాటితే ఎర్రరంగు వచ్చేలా పెట్టింది. తన గది ఉన్న అంతస్తులోనే మూడో గదిలో ఉండే యోనాస్, లూబెక్ నుంచి వచ్చిన జర్మన్ కుర్రాడు, ఆ షీటు చూసి పడవ ఎవరు, వల ఎవరు అని గంటసేపు అడిగి అడిగి తన షీటు కూడా అలాగే మార్చుకున్నాడు, అతనికి పడవా లేదు, వలా లేదు, ఓ సైకిలుంది.

తప్పు జరిగింది తొలి వేట దగ్గర. కొత్త పడవ అయినా కొత్త వల అయినా, మొదటిసారి వేటకి వెళ్లి తెచ్చిన చేప అమ్మరు. ఒక్క చేప కూడా. ఒడ్డునే పొయ్యి పెట్టి వండేస్తారు, వచ్చినవాళ్లు వచ్చినట్టు తింటారు, మొన్న తగువులాడినవాడు కూడా తింటాడు, తిట్టుకుంటూ తింటాడు, తొలి వేటకి రేటు కడితే ఇక ఆ వలకి చేప ఎక్కదని నమ్మకం. ఇంజినీరింగు చదివిన పిల్ల ఇది నమ్ముతుందా అంటే నమ్మదు. నమ్మకపోవడం వేరు, చెయ్యకపోవడం వేరు. అక్టోబరు ఆరో తారీఖున తన పేరు మీద, తన ఖాతాలో, తన జీవితంలో మొదటిసారి తొమ్మిదొందల తొంభై రెండు యూరోలు పడ్డప్పుడు నీలవేణి ఫోను కళ్లకద్దుకుంది, సంచి తీసుకుంది, రేవుకి పోయింది. చేప వాసన లేని ఊళ్లో బతకాలని కదా ఇంత దూరం వచ్చింది, ఫీజు తక్కువ, సీటు దొరికింది, మ్యాపులో నీలంగా సముద్రం కనిపించినా ఏదో అలంకారానికి అనుకుంది, బ్రేమర్‌హావెన్‌లో రైలు దిగి ఊపిరి తీసుకోగానే తెలిసింది ఇది పెద్ద చేపల రేవని, గుల్లలపేట ముక్కు వెంట ఇక్కడి దాకా నడిచొచ్చిందని. ఆరోజు ఎనిమిది కిలోల మాకరెల్ కొన్నది, మాకరెల్ అంటే మన కానాగంతే, చొక్కా మార్చుకుని దొరవేషం వేసింది. మామూలు బియ్యం దొరక్క బాస్మతి, చింతపండు సీసా, పచ్చిమిరపకాయలు నాలుగే నాలుగు ప్లాస్టిక్కు డబ్బాలో పడుకోబెట్టి రెండు యూరోలు, రెండు పెద్ద గిన్నెలు కూడా కొనాల్సి వచ్చింది, ఉన్న మూకుడులో ఎనిమిది కిలోలు పట్టవు కదా. అంతస్తులో పద్దెనిమిది గదులు. తనది పోను పదిహేడు తలుపులూ కొట్టి పిలిచింది.

వచ్చారు, పొగ అలారం మోగుతుందేమోనని యోనాస్ ఓ బల్ల ఎక్కి అట్టముక్కతో దానికి విసురుతూ నిలబడ్డాడు, జార్జియా అమ్మాయి నీనో మొదటి ముద్దకే కళ్లనీళ్లు పెట్టుకుని రెండో పళ్లెం అడిగింది, ఉజ్బెకిస్తాన్ నుంచి వచ్చిన తెమూర్ ఒక్కడే ఎవరూ చెప్పకుండా చేత్తో కలుపుకుని, ముల్లు తీసి పళ్లెం అంచున వరసగా పెట్టి తిన్నాడు, వేళ్లు కూడా నాకాడు. తిన్నాక యోనాస్ ఫోను తీశాడు.

"ఒక్కొక్కరికి ఎంత పడింది?"

"ఏం పడలేదు."

"అంటే? మొత్తం ఎంతయిందో చెప్తే పద్దెనిమిదితో భాగిస్తాను."

"భాగించకు. ఇది తొలి వేట. రేటు కడితే నా వల ఖాళీగా వస్తుంది."

"నీ దగ్గర వల లేదు కదా?"

"ఉన్నప్పటి సంగతి."

యోనాస్‌కి ఆ రాత్రి నిద్ర పట్టలేదట, మర్నాడు తనే చెప్పాడు. నీలవేణికి మాత్రం హాయిగా పట్టింది, నూట యాభై రెండు యూరోలు పోసి కొనుక్కున్న నిద్ర. ఆ తర్వాత మొదలయ్యాయి ఖర్చులు. చలికోటు ఎనభై, అది కొనకపోతే రెండో వారానికి మనిషే ఉండదు. వీసా ఆఫీసు ఫీజు వంద. పరుపు మీద దుప్పటి, దుప్పటి మీద ఇంకో దుప్పటి. ఓరోజు ఉత్తరాల డబ్బాలో ప్రభుత్వం వారి ఉత్తరం, రేడియో టీవీల చందా మూడు నెలలకీ యాభై అయిదు యూరోలట, నా దగ్గర రేడియో లేదు టీవీ లేదు అని యోనాస్‌ని అడిగితే, లేకపోయినా కట్టాలి, గది ఉంది కదా అన్నాడు, గది ఉన్నందుకు రేడియోకి డబ్బు, ఈ లెక్క అప్పలసూరి మావ ఏ జేబులో పెడతాడో చూడాలి. ఇంత జరుగుతున్నా వల వాటా నూట నలభై ఆరూ ఖాతాలోనే ఉండేవి, ఇన్సూరెన్సు వాళ్లు నెల మొదట్లో తీసుకోలేదు, మొదటి నెల వదిలేశారేమో, కొత్త పిల్ల కదా అని దయ తలచారేమో అనుకుంది, మూడు వారాలపాటు ఎవరూ అడగని డబ్బు మన డబ్బులాగే కనిపిస్తుంది, అందులోంచి ఓ దుప్పటి, ఓ జత బూట్లు. మొన్న శుక్రవారం వచ్చింది వాళ్ల ఉత్తరం, ప్రియమైన శ్రీమతి అని మొదలుపెట్టి.

37. అడగడానికి మనుషులు లేరా అంటే ఉన్నారు. తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పృథ్వీరాజ్ ఉన్నాడు, ఎచ్చెర్లలో రెండేళ్లు సీనియరు, హాంబుర్గ్‌లో ఉద్యోగం, అడిగిన మరుక్షణం పంపిస్తాడు, పంపించిన మరుక్షణం వాళ్లమ్మకి చెప్తాడు, వాళ్లమ్మ చీపురుపల్లిలో అప్పలసూరి మావ దగ్గరే ఎండురొయ్యలు కొంటుంది, అంతకంటే నేరుగా గుల్లలపేట రచ్చ దగ్గర మైకు పెట్టి చెప్పుకోవచ్చు. మిగిలింది పైన తన అంతస్తులో వాళ్లు. పిలిచి అన్నం పెట్టి, రేటు కట్టకూడదని అంత గొప్పగా చెప్పి, మూడు వారాలు తిరక్కుండా అదే తలుపు కొట్టి డబ్బు అడిగితే, అది పెట్టినట్టా, వడ్డించి బిల్లు దాచినట్టా? యోనాస్ మొహంలో ఓ చిన్న వెలుగు వస్తుంది, ఆహా ఇదన్నమాట లెక్క అని, ఆ వెలుగు చూడ్డం కంటే వీసా ఆఫీసులో గెంటించుకోవడం నయం. పోనీ, ఆకలికి భయం లేదు, బియ్యం ఉన్నాయి, నెత్తళ్ల పొట్లం సగం ఉంది. ఒకటో తారీఖు దాకా గది దాటకుండా ఉండొచ్చు. ఎవరికీ చెప్పక్కర్లేదు. నవ్వుతూ అమ్మతో మాట్లాడేసి, గురువారం ఏమవుతుందో అదే అవుతుందిలే అని.

మెషిన్‌లోకి కొత్తనీళ్లు దూకాయి. అద్దం మీద నురగ కొట్టుకుని జారి, మళ్లీ కొట్టుకుంది. ఆ నురగ తెలుసు. పదేళ్లప్పుడు, బడి లేని ఓ కార్తీకమాసపు పొద్దున్న, ఒడ్డున అమ్మ పక్కన గంప పట్టుకుని నిలబడి చూసిన నురగ, అయ్య బోటు కెరటాల అవతల కనిపిస్తోంది, అందులో అయ్య నూకయ్య, ఇంకో ముగ్గురు, బోటు నిండా చేప, కొత్త వల. ఆ రోజు కెరటం పెద్దది. అలాంటప్పుడు ఒడ్డు దగ్గరికి రాగానే నీళ్లలోంచే కేకెయ్యాలి, ఒడ్డు మీద కూర్చున్న పాతికమందీ పరిగెత్తుకొచ్చి తాడందుకుని లాగుతారు, ఆ బోటు తొలి వేట తిన్నవాళ్లే వాళ్లంతా. కానీ కేకెయ్యకుండా ఎవరూ చెయ్యి వెయ్యరు. లాగినవాళ్లకి తలో చేపా ఇవ్వాలి కాబట్టి, పిలవకుండా వెళ్లి తాడు పట్టుకుంటే చేప కోసం ఎగబడ్డట్టు, అది సిగ్గు. అందుకని పాతికమందీ లేచి నిలబడ్డారు, పంచెలు ఎగ్గట్టారు, చూస్తున్నారు. అయ్యకి అంతకు ముందురోజే వాళ్లల్లో నలుగురితో మాటామాటా అయింది. అయ్య నోరు తెరవలేదు. అమ్మ ఈ ఒడ్డున గుండెలు బాదుకుంటూ "కేకెయ్యి, కేకెయ్యి నూకయ్యా" అని అరుస్తోంది, అమ్మ కేక లెక్కలోకి రాదు, బోటులోంచి రావాలి. బోటు అడ్డం తిరిగింది. మనుషులు ఈదుకుంటూ వచ్చారు, అయ్యతో సహా, ఎవరికీ ఏమీ కాలేదు, వల పోయింది, మోటారు పోయింది. తర్వాత ఆ నలుగురే తడిసిన లుంగీలతో వచ్చి అయ్య ముందు కూర్చుని, "ఒక్క కేకెయ్యలేకపోనావేటిరా?" అని ఏడ్చినంత పని చేశారు. ఆ సాయంత్రమే అమ్మ నరసింగరావు అరుగెక్కింది. పదకొండేళ్లకి దిగింది.

పదకొండేళ్లు. ఒక్క కేక.

నీలవేణి అప్పటిదాకా కూర్చున్న ప్లాస్టిక్కు బుట్టలోంచి లేచింది, బుట్ట వెనకే అంటుకుని లేచింది, ఊడదీసుకుంది. మెషిన్ 29 అంటోంది. మెట్లు మూడంతస్తులు, లిఫ్టు ఉంది, లిఫ్టులో వెళ్తే ఆలోచించుకోవడానికి టైము దొరుకుతుందని మెట్లే ఎక్కింది, రెండేసి మెట్లు. జర్మన్‌లో ఎలా అడగాలో మనసులో ఓ వాక్యం తయారుచేసింది, క్రియ ఆఖర్న పెట్టాలి, అప్పు అన్నమాటకి ఆడా మగా నపుంసకమా తెలీదు, తలుపు తెరుచుకునేసరికి వాక్యం పారిపోయింది, ఇంగ్లీషు కూడా దాని వెనకే పోయింది, ఆయాసం ఒక్కటే మిగిలింది.

"యోనాస్, నాకు డబ్బు కావాలి. ఎనభై నాలుగు యూరోల అరవై సెంట్లు. ఒకటో తారీఖున తిరిగి ఇచ్చేస్తాను. నీకు అన్నం పెట్టినందుకు అడగట్లేదు. అది వేరు, ఇది వేరు. అది రేటు కాదు."

నీలవేణి అతని మొహంలో ఆ చిన్న వెలుగు కోసం కాచుకుని ఉంది. వచ్చింది, కానీ అది వేరేలా ఉంది, పరీక్ష పేపర్లో తెలిసిన ప్రశ్న పడ్డవాడి మొహం.

"ఇన్సూరెన్సా?"

"నీకెలా తెలుసు?"

"మొదటి సెమిస్టర్లో నాకూ ఇదే అయింది. అందరికీ అవుతుంది. నేను నలభై ఇవ్వగలను, నెలాఖరు కదా. నీనోని అడుగుదాం. ఎవరైనా నోట్లిస్తే నాకు ఇవ్వు, మొత్తం కలిపి నీ ఖాతాలోకి పంపేస్తాను, బ్యాంకు ఇవాళ ఉండదు." అని చెప్పులు వేసుకుంటూ, "మూడు వారాల నుంచీ నేనెంత ఇబ్బంది పడుతున్నానో నీకు తెలీదు. ఆ కూరకి ఏం చెయ్యాలో తెలీక" అన్నాడు.

నీనో తలుపు తెరిచి, సగం విని, "ఎంత?" అని, లోపలికి పోయి, ఓ బూటులోంచి రెండు ఇరవైల నోట్లు తీసుకొచ్చింది. బూటులో ఎందుకు దాస్తావని యోనాస్ అడిగాడు. దొంగలు బూట్లు చూడరు, అని నీనో నీలవేణికి చెప్పింది, యోనాస్‌కి చెప్పినా అర్థం కాదన్నట్టు. అప్పలసూరి మావకి నాలుగో జేబు దొరికింది. ఎనభై అయింది. ఇంకా నాలుగున్నర పైచిలుకు. ఆ నాలుగున్నర కోసం ఇంకో తలుపు కొట్టాలా, ఎలాగోలా, అని నీలవేణి అంటూనే ఉంది, యోనాస్ తెమూర్ తలుపు కొట్టేశాడు. తెమూర్ తెల్లవారుజామున మూడింటికి లేచి ఇంటింటికీ పేపర్లు వేసొచ్చి ఆదివారం సాయంత్రం దాకా పడుకుంటాడు, జుట్టు ఓ పక్కకి నిలబడి, ఒక కన్ను ఇంకా తెరవకుండానే వచ్చాడు. నీలవేణి మళ్లీ మొదట్నుంచీ చెప్పింది, ఈసారి కాస్త వాక్యంలా వచ్చింది. తెమూర్ కిటికీ గట్టు మీద ఉన్న జాము సీసా తెచ్చి, నీలవేణి రెండు చేతులూ దోసిలి పట్టించి, సీసా తలకిందులుగా వంచాడు. పది సెంట్లు, ఇరవైలు, అయిదులు, ఓ చొక్కా బొత్తాం. యోనాస్ లెక్కపెట్టాడు, సరిగ్గా అయిదు యూరోలు. "నలభై సెంట్లు ఎక్కువ వచ్చాయి" అన్నాడు. తెమూర్ బొత్తాం ఒక్కటే తిరిగి తీసుకుని, తలుపు వేసుకున్నాడు. ఆ బొత్తాన్ని ఎంత జాగ్రత్తగా ఏరుకున్నాడో తలుచుకుని నీలవేణికి మెట్ల మీద నవ్వాగలేదు, కిందికి దిగుతున్నంతసేపూ నవ్వింది, యోనాస్ పంపిన ఎనభై అయిదూ మొదటి అంతస్తు దగ్గరే ఫోనులో టంగుమని పడ్డాయి. నూట నలభై ఆరు, నలభై సెంట్లు. షీటులో వల గడి పచ్చబడింది. మనుషుల గడిలో నలభై సెంట్లు, మనుషులు ఎలాగో ఉంటారు.

4 అంటుండగా ఫోను మోగింది. వీడియోలో ముందు గుల్లలపేట ఆకాశం, తర్వాత గురమ్మ ముక్కు, తర్వాత గురమ్మ, వెనకాల గాలికి కొట్టుకుంటున్న టార్పాలిన్ బరకం.

"ఏటే గుంటా, తిన్నావా?"

"తిన్నానమ్మా. గాలి ఎక్కువగున్నాదేటి?"

"ఈ గాలికేటి గానీ, డబ్బులు సరిపోతన్నాయా?"

ప్రతి ఆదివారం అడిగేదే, ప్రతి ఆదివారం ఆఁ అనేదే. నోట్లో ఆఁ తయారుగానే ఉంది.

"సరిపోలేదమ్మా. అప్పు సేసినాను."

గురమ్మ మొహం ఫోనుకి ఎంత దగ్గరగా వచ్చిందంటే తెర నిండా ఓ ముక్కుపుడకే.

"ఎవులకాడ?"

"నా పక్కగదులోల్ల దగ్గర."

"వొడ్డీ ఎంత?"

"వడ్డీ లేదు."

"వొడ్డీ లేకుండా ఎవుడిస్తాడే! కాయితం రాయించుకున్నారా? సంతకాలేటైనా ఎట్టీసినావా?"

"ఏటీ లేదమ్మా, తలుపు కొట్టి అడిగినాను, ఇచ్చీసినారు. ఒకటో తారీకున ఇచ్చీస్తాను."

వెనక నుంచి అయ్య గొంతు. నూకయ్య ఫోనులో మాట్లాడడు, ఎప్పుడూ పక్కన కూర్చుని వింటాడు, వలకి ముడులేసుకుంటూ. "ఎలాగడిగినావే?" అన్నాడు.

"ఆయాసమొస్తంటే అడిగీసినానయ్యా" అంది నీలవేణి.

నూకయ్య నవ్వాడు. నవ్వు కనిపించలేదు, బరకం కింద నుంచి వినిపించింది, ఆగి ఆగి, చాలాసేపు. "నువ్వు నవ్వకు, సిగ్గులేదూ" అని గురమ్మ అటు తిరిగి కసిరి, ఇటు తిరిగింది.

"ఎవులెవులెంతిచ్చారో సెప్పు. పేర్లతోటి సెప్పు."

"యోనాస్ నలభై. నీనో అనీ ఆడపిల్లే, ఆ పిల్ల నలభై. తెమూర్ అయిదు."

"అయిదేటి? అయిదేనా?"

"అయిదేనమ్మా. అయీ సిల్లర. సీసా బోర్లించి దోసిట్లో పోసీసినాడు, సొక్కా బొత్తాం కూడా పడిపోనాది అందులోంచి." నీలవేణికి మళ్లీ నవ్వొచ్చింది.

గురమ్మ నవ్వలేదు.

"సీసాలో ఇంకేటైనా మిగిల్సినాడా?"

"లేదు."

"మరింక నవ్వుతావేటే? ఒకటో తారీకున డబ్బులు పడగానే ముందు ఆ గుంటడి అయిదూ అట్టుకెల్లి ఇచ్చీయి. నలభై ఇచ్చినోల్లు రెండ్రోజులాగుతారు, ఆల్లకాడ ఇంకా ఉంటాది. ఈడు ఉన్నదంతా ఇచ్చీసినాడు. ఇన్నావా?"

మెషిన్ ఆగింది. బట్టలు అన్నీ ఒక్క ముద్దయి అద్దానికి ఆనుకుని కూర్చున్నాయి. నీలవేణి అప్పుడు కళ్లముందు చూసింది తెమూర్ గదిని, ఇందాక గుమ్మంలో నిలబడి చూస్తూ కూడా చూడని గదిని, కిటికీ గట్టు మీద ఆ సీసా తప్ప ఇంకేమీ లేదు, మంచం కింద పేపర్ల సంచి, తెమూర్ చొక్కాకి గుండె దగ్గర ఓ బొత్తాం లేదు.

"ఏటే, ఇన్నావా?" గురమ్మ గాలి మీద అరుస్తోంది.

"ఇన్నానమ్మా" అంది నీలవేణి.